కనకమ్మ మీదికి గంగమ్మ రాని ఏడాది

ఉప్పుకాలవపాలెం కనకమహాలక్ష్మి పూనకమంతా నాటకమని అవనిగడ్డ బస్సులో ఎవరో అంటుంటే విన్నాను. కోడూరు సెంటర్లో టీ కొట్టు దగ్గరా అదే మాట. ఇన్నేళ్ళూ ఊరిని ఆడించిందట, గుట్టు బయటపడే వేళకి మైకు సెట్టు శామ్యూల్ రాజ్ మీదికి నెట్టేసి తప్పుకుందట. అది తప్పండీ. నాటకం చేతనైన మనిషే అయితే ఆడాల్సిన రోజున ఆడేది. ఆ రోజు నేను అక్కడే, డప్పులవాళ్ళ పక్కనే నిలబడి ఉన్నాను. చూసింది చూసినట్టు చెబుతాను, ఆ తరవాత మీ ఇష్టం.

ఊరంతా కనకమ్మ అనే పిలుస్తారు. సన్నగా, గట్టిగా ఉంటుంది. ఎండుచేపల వ్యాపారం. పాలెంలో దడుల మీద చేప ఎండబెట్టి, బుట్టకెత్తి, బస్సెక్కి కోడూరు నుంచి పామర్రు దాకా అమ్మేది. కండక్టర్లు ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టి, చుట్టుపక్కల వాళ్ళ మొహాలు చూసి నవ్వుకునేవాళ్ళు. ఇంట్లో మొగుడు నాంచారయ్య, కొడుకు బాలాజీ, వాళ్ళిద్దరూ కలిసి వేటకి వెళ్ళే ఒక పాత చెక్క పడవ. ఆ ఇంట్లో కనకమ్మ మాటకి విలువ ఎంతంటే, కూరలో ఉప్పు తక్కువైందని ఆమె అన్నా నాంచారయ్య ఒప్పుకునేవాడు కాదు.

ఏడాదికి ఒక్క పూట మాత్రం లెక్క వేరు.

ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజులని ప్రభుత్వం వేట ఆపేస్తుంది కదా. పడవలన్నీ ఇసకలోకి లాగేస్తారు. నిషేధం అయిపోయిన రోజున ఒడ్డున గంగమ్మ జాతర. డప్పులు కొడితే గంగమ్మ కనకమ్మ మీదికి వచ్చేది. వచ్చి, పసుపు చెయ్యి ఏ పడవకి వేస్తే ఆ పడవ ముందు నీళ్ళలోకి దిగాలి. అది దిగేదాకా ఇంకెవరూ దిగకూడదు. అదీ కట్టుబాటు.

ఆ ఊపులో అమ్మ ఇంకొన్ని సంగతులు కూడా మాట్లాడేది. ఒక ఏడు, "నా ఆడబిడ్డలు తుమ్మచెట్ల చాటుకి ఎందుకు పోతన్నారా?" అని గద్దించింది. వానలు పడేలోపు ఇంటింటికీ మరుగుదొడ్డి లేచింది. అంతకుముందు అదే సంగతి చెప్పడానికి ఆఫీసర్లు జీపులేసుకుని ఎన్నిసార్లో వచ్చి, కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళారు. ఇంకో ఏడు నాంచారయ్యని జుట్టు పట్టుకుని, "తాగుడు మానతావా, సముద్రంలో కలిపెయ్యనా?" అంది. దసరా దాకా మానేశాడు. అదే మాట కనకమ్మ చెబితే సాయంత్రం దాకా కూడా మానేవాడు కాదు.

పూనకం దిగాక కనకమ్మకి ఏమీ గుర్తుండేది కాదు. జనం చెబితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అమ్మ అంత మాటందా!" అని ఆశ్చర్యపోయేది. మరుగుదొడ్డి వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది ఆవిడే. అమ్మకి మన కష్టం ఎట్టా తెలిసిందో అని నాతో చాలాసార్లు అంది.

పోయిన ఏడు నిషేధం రోజుల్లో జరిగింది అసలు సంగతి. సముద్రం చేప లేదు కాబట్టి కాలవల్లో దొరికిన చిన్న చేపనే ఎండబెడుతోంది. ఒకరోజు తమ పడవ నీడలో కూర్చుని చేపలు కోసి, లేస్తూ అలవాటుగా కత్తిని పడవ పలకకి గుచ్చింది. కత్తి మగ్గిన బొప్పాయిలోకి దిగినట్టు పిడిదాకా దిగిపోయింది. ఇంటికెళ్ళి మొగుడితో చెప్పింది.

"మావా, అడుగు పలక పుచ్చిపోయింది. కత్తి పిడిదాకా దిగింది."

"నీ కత్తి పదునుగా ఉంది."

"ఆ కత్తి చేపకే సరిగ్గా దిగి చావదు, చెక్కకి దిగుద్దా?"

"పడవ సంగతి నీకేం తెలుసే? ఎప్పుడన్నా ఎక్కావా?"

అది నిజమే. ఆ పాలెంలో ఆడవాళ్ళని పడవ ఎక్కనివ్వరు. ఎక్కలేదు కాబట్టి వాళ్ళకి తెలీదంటారు.

అయినా నాంచారయ్య ఊరికే ఉండలేదు. చిల్లులో తారు పోశాడు. పడవ మొత్తానికి పసుపు పెయింటు వేయించి, అంచుకి ఎర్రగీత కొట్టించి, ముందు వైపు 'గంగమ్మ తల్లి దీవెన' అని రాయించాడు. ఆ ఏడు తొలి పడవ తనదే కావాలని ఆయన ఆశ. పెయింటు వేశాక పడవ పెళ్ళికొడుకులా తయారైంది. లోపల పుచ్చు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

ఆ పడవలో దిగేది మొగుడూ కొడుకూ. కనకమ్మకి నిద్ర పట్టలేదు. కొడుకుతో చెబితే, "నాన్న ఒప్పుకోవాలి కదే" అన్నాడు. కులపెద్ద దగ్గరికి వెళ్ళింది. కులపెద్ద పేరు తాతయ్య. ఉయ్యాల్లో వేసిన నాటి నుంచీ ఆయన పేరే అది, ముసలాయన అనుకోకండి. ఆయన శాంతంగా విని, "మొగుడూ పెళ్ళాల మధ్యలోకి నేనెందుకమ్మా? జాతర ఎంతో దూరం లేదుగా. అమ్మ వచ్చి చెప్పుద్దిలే. అమ్మ చెబితే నాంచారయ్యా వింటాడు, నేనూ వింటాను" అన్నాడు.

ఇక ఆమె గోడు రోజూ విన్నది ఒక్క శామ్యూల్ రాజే. ఆయన మైకు సెట్ల పాక కనకమ్మ దడుల పక్కనే. పెద్ద పెట్టెలు రెండున్నాయి. ఆదివారం చర్చికీ, మంగళవారం గుడికీ అవే వెళతాయి. శామ్యూల్ రాజ్ చర్చిలో పాటలు కూడా పాడతాడు. పాకలో వైర్లు అతికించుకుంటూ కూర్చునేవాడు కాబట్టి లేచి పారిపోవడానికి వీలుండేది కాదు.

"శామ్యూలూ, నువ్వన్నా చెప్పరా మీ అన్నకి."

"నేను చెబితే వింటాడా అక్కా? ఇంటి మనిషివి, నీ మాటే వినలేదు. నేను మీ దేవుడోణ్ణి కూడా కాను."

"అయితే అమ్మే చెప్పాలి."

"చెప్పుద్దిలే. ఆ స్క్రూడ్రైవరు ఇటందుకో."

అమ్మ మీదే భారం వేద్దామంటే అక్కడా ఒక చిక్కు ఉంది. అంతకుముందు చలికాలంలో కనకమ్మ కోడూరు బస్టాపులో చేపలబుట్టతో సహా పడిపోయింది. అవనిగడ్డలో డాక్టరు చూసి నరాలకని రోజుకొక బిళ్ళ రాశాడు. బిళ్ళ వేసుకున్నన్నాళ్ళూ కళ్ళు తిరగలేదు. నాంచారయ్య చెల్లెలు జానకికి అదే అనుమానం తెచ్చింది.

"వదినా, ఆ బిళ్ళతో నీ ఒళ్ళు మొద్దుబారిపోయింది. రేపు అమ్మ వచ్చి తలుపు కొట్టినా నీకు వినపడదు. జాతర అయ్యేదాకా ఆపెయ్యి."

"డాక్టరు ఆపొద్దన్నాడు."

"డాక్టరు మీదికి అమ్మ ఎప్పుడన్నా వచ్చిందా?"

ఆ రోజు నుంచే కనకమ్మ బిళ్ళలు మానేసింది. పారెయ్యడానికి మనసొప్పక, ఏ రోజు బిళ్ళ ఆ రోజు కొంగు చివర ముడేసుకునేది. వేసుకున్నావా అని బాలాజీ అడిగితే కొంగు తడుముకుని, "ఇదిగో, నా దగ్గరే ఉందిగా" అనేది. అబద్ధం ఆడకూడదని ఆమె పట్టుదల. రెండుసార్లు దడుల మీదికి తూలి పడింది కూడా.

జాతర రోజు రానే వచ్చింది. ఒడ్డంతా వేపాకు, పసుపునీళ్ళు, బురదలో చెప్పులు. పడవలన్నీ వరసగా నిలబెట్టారు. నాంచారయ్య కొత్త తువాలు భుజాన వేసుకుని తన పసుపు పడవ పక్కన ఫోటోకి నిలబడ్డట్టు నిలబడ్డాడు. శామ్యూల్ రాజ్ జెనరేటరు వేసి, మైకులో గాలి ఊది, "అమ్మా, తల్లీ, భక్తులారా, పిల్లల్ని నీళ్ళలోకి వదలకండి" అని చెబుతున్నాడు. కనకమ్మ సముద్రంలో మునిగి తడిచీరతో వచ్చి, జుట్టు విరబోసుకుని, గంగమ్మ ఘటం ముందు కూర్చుంది.

డప్పులు మొదలయ్యాయి. మామూలుగా డప్పు వేడెక్కేలోపే అమ్మ వచ్చేసేది. ఆ రోజు కొట్టేవాళ్ళ చొక్కాలు తడిసిపోయాయి, చేతులు మారాయి, అమ్మ రాలేదు. తాతయ్య, "ఇంకాస్త గట్టిగా కొట్టండ్రా" అన్నాడు. కొట్టారు. కనకమ్మ కళ్ళు తెరిచింది. చుట్టూ చూసింది. డప్పులు ఆగాయి.

జానకి పక్కకి వంగి చెవిలో అంది. నేను వెనకే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను.

"ఊగు వదినా. ఊరికే ఊగు. ఊగి ఆ పడవ వద్దని చెప్పెయ్యి."

"రాలేదే జానకీ."

"వచ్చిందో రాలేదో ఎవడికి తెలుస్తది?"

"అమ్మకి తెలుస్తది కదే. రాని అమ్మని వచ్చిందని ఎట్టా చెప్పనే?"

"నీ మొగుడూ కొడుకూ దిగేది అందులోనే!"

"తెలుసే. అయినా రాలేదు. చెమట పట్టింది, అంతే."

చూశారా మరి? ఊగితే చాలు, ఊరంతా కాళ్ళ మీద పడేది. అంత అవసరంలో కూడా ఊగలేదు. ఆ మనిషినండీ మీరు నాటకాల మనిషి అంటున్నది.

జనంలో గుసగుసలు లేచాయి. బిళ్ళలు మింగితే ఇంతే అన్నారు. మైల పడిందేమో అని ఇంకొకరు. అప్పుడు నాంచారయ్య తువాలు సర్దుకుని ముందుకొచ్చాడు.

"పోటు తగ్గిపోతంది తాతయ్యగారూ! అమ్మ రాలేదంటే అడ్డం లేదనేగా? అడ్డం ఉంటే వచ్చి చెప్పకపోద్దా? నా పడవ దించేస్తన్నా."

తాతయ్య గడ్డం గోక్కుని, "అదీ నిజమే" అన్నాడు.

కనకమ్మ లేచి నిలబడింది. "అమ్మ రాలేదు. నేనే చెప్తన్నా. ఆ పడవ దించొద్దు. అడుగు పుచ్చిపోయింది."

"నువ్వు చెప్పేదేంటే? అమ్మ వస్తే అమ్మ చెప్పాలి, లేకపోతే నోరు మూసుకోవాలి. తప్పుకో!"

ఆమె తప్పుకోలేదు. వెళ్ళి పడవ ముందు వైపు వీపు ఆనించి నిలబడింది. మగవాళ్ళు అటూ ఇటూ చేతులేశారు. ఇద్దరాడవాళ్ళు ఆమె రెక్కలు పట్టుకుని పక్కకి లాగారు. బాలాజీ అమ్మ వంకా నాన్న వంకా చూసి, చివరికి పడవకే భుజం ఇచ్చాడు. పడవ కదిలింది.

ఇదంతా చూస్తున్న శామ్యూల్ రాజ్ ఉండబట్టలేక మైకు పట్టుకుని, "అన్నా, ఒక్క నిమిషం ఆగండి" అందామని ఉత్తకాళ్ళతో మైకు సెట్టు పెట్టిన బల్ల దిగాడు. అప్పటికే అల ఒకటి వైర్ల దాకా వచ్చి వెళ్ళింది. అడుగు తడి ఇసకలో పడిందో లేదో, మనిషి కర్రలా బిగుసుకుపోయాడు. మైకు చేతికి అతుక్కుపోయింది. ఒళ్ళంతా గజగజా ఊగుతోంది. "ఊఁ... ఊఁ..." అని రెండు పెట్టెల్లోంచీ ఒకటే మోత.

"అమ్మ వచ్చింది!" అని జానకి కేక వేసింది.

డప్పులు మళ్ళీ అందుకున్నాయి. ఎవరో భక్తిగా బిందెడు పసుపునీళ్ళు ఆయన నెత్తిన గుమ్మరించారు. దాంతో అమ్మ ఇంకా గట్టిగా వచ్చింది.

జనమంతా చేతులు జోడించారు. కనకమ్మ ఒక్కతే రెక్కలు విడిపించుకుని, ఆయన వైపు కాకుండా జెనరేటరు వైపు పరిగెత్తి దాన్ని ఆపేసింది. మోత ఆగింది. శామ్యూల్ రాజ్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అమ్మ శాంతించిందని అందరూ అనుకున్నారు.

తాతయ్య కర్పూరం వెలిగించి ఎదురుగా నిలబడ్డాడు. "తల్లీ, నీ ఇష్టం, ఎవరి మీదికైనా రాగలవు. మావల్ల ఏం తప్పు జరిగింది? ఏం కావాలి నీకు?"

శామ్యూల్ రాజ్‌కి పళ్ళు టకటకలాడుతున్నాయి. ఎదురుగా ఉన్నదెవరో కూడా తెలీని స్థితి. మైకు ఎందుకు పట్టుకున్నాడో ఆ మాట మాత్రం నోట్లో మిగిలి ఉన్నట్టుంది. "ప... పడవ దించొద్దు. నాంచారయ్య పడవ. అడుగు పుచ్చిపోయింది" అన్నాడు.

నాంచారయ్య వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడ్డాడు. "తప్పయిపోయింది తల్లీ! దించను!"

"అన్నా, నేను శామ్యూల్ని. కరెంటు కొట్టింది."

"అవును తల్లీ! కరెంటులాగే కొట్టావు!"

పడవ తిరగేశారు. వడ్రంగి ఉలి పెట్టి అలా కదిపాడో లేదో, పలక మొత్తం టీలో ముంచిన బ్రెడ్డులా చేతికొచ్చింది. జనం 'గంగమ్మ తల్లికీ జై' అన్నారు. సాయంత్రం అన్నానికి కూర్చుని నాంచారయ్య పెళ్ళాంతో అన్నాడట: "చూశావా, అమ్మ చెప్పబట్టి బతికిపోయాం. లేకపోతే మనింట్లో ఒక్కరన్నా కనిపెట్టారా?" కనకమ్మ, "ఇంకాస్త పులుసు పొయ్యనా?" అంది.

శామ్యూల్ రాజ్ కష్టాలు ఆదివారం మొదలయ్యాయి. చర్చిలో ప్రార్థన అయ్యాక ఎలీషా పాస్టరు గారు పక్కకి పిలిచారు.

"నిజం చెప్పు శామ్యూలూ, నిన్ను పట్టిందేమిటి?"

"కరెంటండి."

"ఆ మాట సంఘానికి చెబితే బావుండదు. ఇద్దరి ప్రాణాలు నిలబడ్డాయి. అది దేవదూత హెచ్చరిక."

"వైరు జాయింటు ఊడిందండి. నేనే చూశాను, టేపు కూడా వేశాను."

"తన్ను తాను తగ్గించుకునేవాడు అట్టాగే మాట్టాడతాడు" అని పాస్టరు గారు తృప్తిగా తల ఊపారు.

గుడి దగ్గరా అంతే. కరెంటని ఎంత గట్టిగా చెబితే నమ్మకం అంత గట్టిపడింది. అమ్మవారు పట్టిన మనిషి నా మీద అమ్మవారుందని చెప్పుకోడని తాతయ్య తేల్చేశాడు. రెండు వైపులా చెప్పేదొకటే కాబట్టి గొడవ కూడా రాలేదు. మంగళవారం అమ్మ, ఆదివారం దేవదూత.

మెల్లగా పాక దగ్గరికి జనం రావడం మొదలైంది. నందివాడ వైపు చేపల చెరువులున్న గోవర్ధనరావు గారు గుడివాడ నుంచి కారులో వచ్చారు. ఆ రోజు నేను చేపల కోసం వెళ్ళి అక్కడే ఉన్నాను. ఆయన చేతులు కట్టుకుని పాక ముందు నిలబడి, "చెరువులో చేప తేలిపోతోందండీ, ఏదన్నా దోషమా?" అని అడిగారు. శామ్యూల్ రాజ్ నిస్సహాయంగా పక్కనున్న దడి వైపు చూశాడు.

చేపలు తిరగేస్తూ కనకమ్మ తల ఎత్తకుండానే అంది: "నీళ్ళు వాసనొస్తన్నాయేమో అడుగు."

"నీళ్ళు వాసనొస్తన్నాయాండీ?"

"వస్తున్నాయండీ! ఎలా తెలిసిందండీ మీకు?"

"మేత తగ్గించి కొత్త నీళ్ళు పెట్టమను."

"మేత తగ్గించి కొత్త నీళ్ళు పెట్టండి."

గోవర్ధనరావు గారు శామ్యూల్ రాజ్‌కి దణ్ణం పెట్టి, ఎండుచేపల వాసనకి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, కనకమ్మ పక్కనుంచి జాగ్రత్తగా తప్పుకుని కారెక్కారు. చెరువు బాగుపడిందని తరవాత అరటిగెల కూడా పంపించారు. పాకకి.

ఇప్పుడు అంతా అలాగే నడుస్తోంది. ఆమె చెబుతుంది, ఆయన తిరిగి చెబుతాడు, వాళ్ళు వింటారు. నాంచారయ్య కూడా వల ఎటు వెయ్యాలో పాక దగ్గరికి వెళ్ళి అడిగి, ఇంటికొచ్చి పెళ్ళానికి వివరంగా చెబుతున్నాడు.

ఒకరోజు ఉండబట్టలేక కనకమ్మనే అడిగాను. "జెనరేటరు ఆపింది నువ్వే కదా. అది కరెంటేనా?"

"కరెంటే."

"మరి చెప్పవేం?"

"శామ్యూలు రోజూ చెప్తానే ఉన్నాడుగా, ఎవరు విన్నారు? అయినా, అమ్మ వైర్లోంచి రాకూడదని ఎవరన్నా రాశారా? నా ఒంట్లో దారి మూసుకుపోయింది. దొరికిన దారిన వచ్చింది." చేప మీద ఈగ తోలింది. "ఒకటే దిగులు. ఏడాదికి ఆ ఒక్క పూటే మావ నా మొహంలోకి చూసి మాట్టాడేది. అదీ నాకు గుర్తుండదనుకో. నువ్వు చూసేదానివిగా, ఎట్టా చూసేవాడు?"

"బాగానే చూసేవాడు" అన్నాను. ఇంకేం చెప్పను?

ఇప్పుడు మళ్ళీ నిషేధం వచ్చింది. పడవలన్నీ ఒడ్డెక్కాయి. ఈసారి ఘటం ముందు ఇద్దరినీ కూర్చోబెట్టాలని తాతయ్య అంటున్నాడు. రబ్బరు చెప్పులు వేసుకోనిస్తేనే మైకు ముట్టుకుంటానని శామ్యూల్ రాజ్. అమ్మ ముందు చెప్పులేంటని గుడివాళ్ళు, దూతకి అభ్యంతరం ఉండదని పాస్టరు గారు. అది ఎప్పుడో తేలుతుంది లెండి. నాకు భయం దాని గురించి కాదు. జానకి మళ్ళీ కనకమ్మ ఇంటి చుట్టూ తిరుగుతోంది.

మీలో ఎవరైనా కోడూరు వైపు వెళితే, పాలెం దాకా ఆటోలు ఉన్నాయి, ఒకసారి దిగి కనకమ్మని చూసి రండి. పూనకం సంగతి అడగొద్దు. బిళ్ళ వేసుకున్నావా అని అడగండి. అబద్ధం చెప్పదు, "నా దగ్గరే ఉంది" అంటుంది. ఆ మాట అందంటే వెంటనే లేచి రాకండి. కొంగు చివర ముడి ఉందేమో చూడండి. ఉంటే విప్పించి, ఆ బిళ్ళ వేయించి, ఆమె మింగేదాకా అక్కడే కూర్చోండి.